మక్కచేను అంచున మూడు స్కోపులు: ఒక పాత బ్రునో రైఫిల్ కేస్ స్టడీ

ఇంజనీర్ సారు ఆ రోజు కుడి కనుబొమ్మ మీద నెలవంకలాంటి గాటుతో తుపాకులు బాగుచేసే మా షాపుకొచ్చారు. ఇంకా పొక్కు కూడా రాలలేదు. మా పనిలో ఉన్నవాడికి ఆ గాటు చూస్తే కథంతా తెలిసిపోతుంది. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోపు (దాని మీద బిగించే గురి దుర్భిణి) వెనక అంచు వచ్చి కొట్టిన దెబ్బ అది. "తమ్మీ, నువ్వు గూడ నవ్వకు, ఇంట్లో ఇప్పటికే చానా నవ్విన్రు" అన్నారు కూర్చోకముందే.

ఆయన నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన మనిషి. వయసు అరవై ఒకటి, ఇల్లు మలక్‌పేట. పరిగి దారిలో ఎనిమిదెకరాల చేను ఉంది. వానాకాలం మక్క, పల్లికాయ, గట్టు పొడుగునా కంది. కంకి పాలు పట్టే రోజుల్లో అడివి పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే అర ఎకరం నేలమట్టం. తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ. ఆయన పేరు అటవీ శాఖ అనుమతించిన షూటర్ల జాబితాలో ఉంది కాబట్టి చుట్టుపక్కల రైతులు కూడా ఆయనకే ఫోను చేస్తారు.

ఇక్కడే ఒక సంగతి చెప్పేస్తాను. మన దేశంలో వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 'హంటింగ్ స్కోప్' అన్న మాట పెట్టె మీద అచ్చుకే పరిమితం. పంట పాడుచేసే అడివి పంది విషయంలో అదే చట్టం 11వ సెక్షన్ కింద అధికారి రాసిచ్చిన అనుమతి ఉండాలి. ఆ కాగితంలో ఉన్న మనిషే, ఉన్న చోటే పేల్చాలి. సారు కాగితాలు, ఆయుధ లైసెన్సు చూశాకే రైఫిల్‌ను బల్ల మీద పెట్టనిచ్చాను. మా నాన్న కాలంలో ఈ పని చేసేవాణ్ణి బందూకు మిస్త్రీ అనేవాళ్ళు, ఇప్పుడు ఆర్మరర్ అంటున్నారు. పేరు ఏదైనా కాగితం లేని పని మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు.

రైఫిలు, దాని నెత్తిన ఉన్న గుదిబండ

రైఫిల్ చెకొస్లొవేకియాలో తయారైన బ్రునో జడ్‌కేకే 600, క్యాలిబర్ .30-06. మనవాళ్ళు థర్టీ నాట్ సిక్స్ అంటారు. 1980ల మధ్యలో దిగుమతులు ఆగిపోకముందే వచ్చిన తుపాకీ, తండ్రి నుంచి ఆయన పేరుకు మారింది. చెక్క మీద గీతలున్నాయి గాని బ్యారెల్ లోపల అద్దంలా ఉంది. 2019లో ఆయుధ చట్టం సవరించి ఒక మనిషికి మూడు బదులు రెండే తుపాకులన్నాక సారు తన .22 వదులుకున్నారు. మిగిలినవి ఒక పన్నెండు బోరు, ఈ బ్రునో. కాబట్టి రైఫిల్‌తో చెయ్యాల్సిన పనంతా దీంతోనే.

దాని నెత్తిన ఒక 6–24×50 స్కోపు ఉంది, అంటే జూమ్ 6 నుంచి 24 దాకా, ముందు అద్దం 50 మి.మీ. ఆన్‌లైన్‌లో ఎనిమిది వేలు పెట్టి కొన్నారట. కంపెనీ పేరెందుకు గాని, లోపల రెటికిల్, అంటే గురి గీతలు, గడియారం ముల్లులా కొద్దిగా పక్కకు తిరిగిపోయి ఉంది. ఐ రిలీఫ్, అంటే నిండు బొమ్మ కనిపించేందుకు కంటికీ స్కోపు వెనక అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం, కొలిస్తే 70 మి.మీ. వచ్చింది. 180 గ్రెయిన్ల గుండును సెకనుకు 2,700 అడుగుల వేగంతో తోసే తూటాకి ఆ ఖాళీ చాలదు. పైగా సారు కళ్ళద్దాలు పెట్టుకుంటారు. కనుబొమ్మ పగలడంలో వింతేముంది?

"గన్‌ఫౌండ్రీ పక్కనే కూసుంటవ్. 1795ల ఆ ఫ్రెంచి రేమండు ఫిరంగులే పోయించిండు ఈడ. నువ్వొక దుర్భిణి సక్కగ బిగించలేవా?" అన్నారు సారు. ఆయనకు ఆ రేమండు పేరు మీదే వచ్చిన మూసారాంబాగ్ పేరు వెనక కథ చెప్పడం మహా ఇష్టం. వింటూనే పాత స్కోపు విప్పేశాను. దాన్ని బిగించిన రింగులు మాత్రం చూడ్డానికి గట్టిగానే ఉన్నాయి. "ఇవి పనికొస్తాయి సార్, మళ్ళీ కొనక్కర్లేదు" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఈ కేసులో నేను చేసిన తప్పు ఇదే.

బల్ల మీద మూడు

బడ్జెట్ 60,000. మధ్యధర అని నేననేది దాదాపు ఈ మెట్టునే. దీనికి బాగా కిందైతే గురి గీతలను జరిపే గుండీల క్లిక్కులు తిప్పినంత జరుగుతాయన్న నమ్మకం ఉండదు. బాగా పైకి వెళ్తే అద్దం నాణ్యతలో చివరి ఐదు పది శాతానికి డబ్బులు పోస్తున్నట్టు. మధ్యలో ఉన్నవి అన్నీ పనికొచ్చేవే, అందుకే ఎంచడం కష్టం. ఏ రెండూ ఒకే పనికి చేసినవి కావు.

తెలిసిన డీలరు దగ్గర్నుంచి మూడు తెప్పించాను. కంపెనీల పేర్లు రాయను. ఒక్కో రకంలో ఒక్కటే చూశాను, ఒక్క మెతుకు చూసి అన్నం ఉడికిందో లేదో చెప్పొచ్చేమో గాని ఒక్క స్కోపు చూసి కార్ఖానాకి మార్కులు వెయ్యలేం. షాపులో మేం పెట్టుకున్న పేర్లే ఇక్కడా వాడతాను.

పొట్టిది: 3–9×40, అంగుళం ట్యూబు, బరువు 350 గ్రాములు, లైటు లేదు. బయటి వైపు లావుగా, నడుమ సన్నగా ఉండే డ్యూప్లెక్స్ గీతలు. 1962లో లూపోల్డ్ తెచ్చిన ఆ నమూనాను ఇప్పుడు అందరూ వాడతారు. 42,000.

లావుది: 4–16×50, 30 మి.మీ. ట్యూబు, పక్కన పారలాక్స్ (కన్ను కదిలితే గురి జరిగినట్టు కనిపించడం) సర్దే గుండీ, పైకి పొడుచుకొచ్చిన టరెట్లు (క్లిక్కులు తిప్పే గుండీలు), మొదటి ఫోకల్ ప్లేన్‌లో రెటికిల్ (జూమ్‌తో పాటు గీతలూ లావయ్యే రకం), 720 గ్రాములు. 55,000. ఇది సారు అల్లుడి ఎంపిక. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రిళ్ళు అమెరికా వీడియోలు. "అంకుల్, దీంతో ఎనిమిది వందల గజాలకు కూడా డయల్ చేయొచ్చు" అన్నాడు. మంచి పిల్లాడు. కానీ ఆ చేనులో ఎటు చూసినా ఎనిమిది వందల గజాల కంటే ముందు ఊరే వస్తుంది.

నడిమిది: 2.5–10×42, 30 మి.మీ. ట్యూబు, మధ్యలో వెలిగే ఎర్రచుక్క, రెండో ఫోకల్ ప్లేన్ (జూమ్ మార్చినా గీతల లావు మారని రకం), 560 గ్రాములు. 58,000.

బల్ల మీద నేను చూసేవి కొన్నే. నీళ్ళు దూరకుండా ఉంటుందా, లోపల చెమ్మ పట్టకుండా నైట్రోజన్ నింపారా లాంటివి ఈ ధరలో అన్నిటికీ ఉంటాయి, వాటి మీద టైము పెట్టను. చూడాల్సింది క్లిక్కుల నిజాయితీ. స్కోపును గట్టి స్టాండులో బిగించి స్కోపు ముందు పెట్టే గళ్ళ కొలత సాధనం, కొలిమేటర్‌లోకి చూస్తూ పైకి 20 క్లిక్కులు, కుడికి 20, కిందికి 20, ఎడమకు 20 తిప్పుతాను. గీతలు బయల్దేరిన గడిలోకే తిరిగి రావాలి. పావు నిమిషం (కోణం కొలతలో డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) క్లిక్ అంటే 100 మీటర్ల దగ్గర 7 మి.మీ. పైచిలుకు, 20 క్లిక్కులకు పద్నాలుగున్నర సెంటీమీటర్లు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ట్యూబును నాలుగు తట్లు తట్టి మళ్ళీ చూస్తాను. మూడూ పాసయ్యాయి. లావుదానిది మరీ ముచ్చటగా ఉంది, ఒక్కో క్లిక్కూ వేలికి తాళం తిరిగినట్టు తగిలింది.

ఇదంతా తూటా ఖర్చు లేకుండా చెయ్యడానికి కారణం ఉంది. లైసెన్సు మీద ఏడాదికి ఇన్నని రౌండ్లు, దొరికేవి అంతకంటే తక్కువ. అమెరికావాడు ఒక మధ్యాహ్నం కాల్చేసేది సారుకు రెండు సీజన్ల సరుకు. ఈ మొత్తం పనికి ఆయన 24 రౌండ్లు కేటాయించారు, ఒక్కోటీ లెక్క రాసుకున్నారు కూడా. ఇంజనీరు కదా.

గొంగడి పరీక్ష

స్కోపు ఎంపిక షాపులో జరగదు. సెప్టెంబరు మధ్యలో, వాన వెలిసిన ఒక సాయంత్రం, మొయినాబాద్, చేవెళ్ల మర్రిచెట్లు, మన్నెగూడ దాటుకుంటూ చేనుకి వెళ్ళాం. రైఫిల్ మలక్‌పేటలోనే ఉంది. స్కోపులు మూడూ విడిగా, ఇసుక సంచుల మీద పెట్టి చూడ్డానికి.

మంచె మీద కూర్చుని లేజర్‌తో దూరాలు కొలిచాం. పందులు కంచె దూరి వచ్చే కంత 38 మీటర్లు. మక్క అంచు 70. గట్టు అవతల కుంట 110. అంతే, అంతకు మించి కనిపించేది కంది పొదలే. ఈ మూడు అంకెలతో సగం ప్రశ్నలు తేలిపోయాయి. 100 మీటర్లకు జీరో కట్టిన, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తగిలేలా సర్దిన .30-06, 38 దగ్గరా 110 దగ్గరా గురి నుంచి ఒకట్రెండు సెంటీమీటర్లకు మించి పోదు. పొరపాటున 150 అయినా నాలుగైదు సెంటీమీటర్ల దిగుడు. పంది ముందుకాలు వెనకాల గుండె, ఊపిరితిత్తులున్న చోటు విప్పిన అరచేయంత. ఇక టరెట్లు తిప్పే పనెక్కడ? తిప్పే పని లేనప్పుడు పొడుచుకొచ్చిన టరెట్ ఉండడమే ప్రమాదం, సంచిలో రాసుకుని తిరిగిపోతుంది. మూతలున్నవే మేలు.

చేను చూసే మనిషి తన నల్ల గొంగడి తెచ్చి 70 మీటర్ల దగ్గర గుంజకు కట్టాడు, అడివి పంది ఎత్తుకు సరిగ్గా. "సారూ, కట్టిన. ఇగ సూడుండ్రి" అని కేకేశాడు. మక్క నీడలో నల్ల గొంగడి కంటే కఠినమైన పరీక్ష నాకు తెలీదు.

ఆ రోజు పొద్దు గూకింది 6:18కి. నిమిషం నిమిషం రాసుకున్నాం. ఉత్త కంటికి 6:38కి గొంగడి చీకట్లో కలిసింది. లావుదాన్ని 16 మీద పెడితే 6:30కే బొమ్మ మసకబారింది. 4కి తగ్గిస్తే గొంగడి 6:45 దాకా కనిపించింది గాని గీతలు మాయం. మొదటి ఫోకల్ ప్లేన్ అంటే అదే కదా, జూమ్ తగ్గిస్తే రెటికిల్ కూడా చిక్కిపోతుంది. 4 మీద సాలెపోగంత అయ్యి 6:37కే చీకటి మింగేసింది. పొట్టిదాన్ని 6 మీద పెడితే లావు గీతలు, గొంగడి రెండూ 6:43 దాకా నిలిచాయి. నడిమిది ఎర్రచుక్కతో 6:47 దాకా.

ఇందులో మాయేమీ లేదు. ముందు అద్దం వెడల్పును జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు కడ్డీ లావు వస్తుంది. 50ని 16తో భాగిస్తే 3.1 మి.మీ., 40ని 6తో భాగిస్తే 6.7. పాతికేళ్ళవాడి కనుపాప చీకట్లో 7 మి.మీ. దాకా విచ్చుకోవచ్చు, అరవై దాటాక చాలామందికి 5 దగ్గరే ఆగిపోతుంది. సారు కంటికి 5 మి.మీ. కంటే లావు కడ్డీ ఇచ్చినా మిగతాది కనుపాప బయటే పడుతుంది. అంటే 40 మి.మీ. అద్దాన్ని 8 మీద, 50 మి.మీ. అద్దాన్ని 10 మీద పెట్టినా ఆయనకు అందే వెలుగు ఒకటే. పెద్ద అద్దానికి డబ్బు, బరువు, ఎత్తు రింగులు, దాంతో పాటు చెంప ఆనకపోవడం అన్నీ మోసి మన జూముల్లో లాభం సున్నా.

56 మి.మీ. అద్దం ఉంటే తప్ప సంధ్యవేళ పనికిరాదని యూరప్ వాళ్ళు రాస్తుంటారు. వాళ్ళకు నిజమే. జర్మనీ లాంటి చోట వేసవి సంధ్య ముప్పావు గంట దాకా సాగుతుంది. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఇక్కడ పొద్దు గూకాక ఇరవై రెండు నిమిషాల్లో సంధ్య ముగిసిపోతుంది. మన చీకటి మెల్లగా రాదు, తలుపేసినట్టు వస్తుంది.

6:44కి ఒకటి జరిగింది. నేను నడిమిదాంట్లోంచి గొంగడి చూస్తున్నాను. దాని వెనకనుంచి ఇంకో నల్లటి ఆకారం కదిలింది, వంగి, నెమ్మదిగా. "వచ్చిందిరా" అన్నారు సారు లావుదాంట్లోంచి చూస్తూ. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఆ ఆకారం దగ్గింది. గుంజ కట్టు వదులైందని బిగించడానికి వెళ్ళిన మనిషి! మంచె దిగేదాకా సారు ఒక్క మాట మాట్లాడలేదు.

లావుది అక్కడితో అవుట్. మిగిలిన రెండిట్లో నేను నడిమిదే చెప్పాను. 2.5 మీద 100 మీటర్ల దగ్గర పదమూడు మీటర్ల పైన వెడల్పు కనిపిస్తుంది, 38 మీటర్ల కంత దగ్గర గుంపులో ఏది ఎటు పోతుందో తెలుస్తుంది. చుక్క కూడా ఉంది. సారు తలూపారు, పూర్తి మనసుతో కాదని నాకు తర్వాత తెలిసింది.

రేంజి మీద

బిగింపు సంగతి క్లుప్తంగా. రైఫిల్‌ను మట్టం చూసి బిగించాను. ఎదురు గోడకి మేస్త్రీలు వాడే గుండు దారం వేలాడదీసి నిలువు గీతను దాంతో కలిపాను. రింగు మరలు 2 న్యూటన్ మీటర్లకు మించకుండా టార్క్ రెంచితో. అంతకంటే బిగిస్తే ట్యూబు నలిగి లోపలి క్లిక్కులు మొరాయిస్తాయి. సారును కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి తర్వాత కళ్ళు తెరవమన్నాను, నిండు బొమ్మ కనిపించేదాకా స్కోపును ముందుకు జరిపాను. కనుబొమ్మకీ అద్దానికీ మధ్య 95 మి.మీ. వచ్చింది.

నగరం బయట అనుమతి ఉన్న 100 మీటర్ల రేంజి. మొదటి మూడు రౌండ్లు నాలుగు సెంటీమీటర్ల గ్రూపు (రంధ్రాల మధ్య దూరం), మధ్య కంటే కాస్త కింద. నాలుగు క్లిక్కులు పైకి. తర్వాతి మూడు తొమ్మిది సెంటీమీటర్లు కుడికి పోయాయి. సారు లాగారేమోనని నేను కూర్చున్నాను. నా మూడు ఇంకో చోట పడ్డాయి, ఎడమకి, పైకి. తొమ్మిది రౌండ్లు ఖర్చు, జీరో లేదు.

నేను వెంటనే తీర్పు చెప్పేశాను. "స్కోపు లోపల స్ప్రింగు పోయింది సార్. తన్ను తట్టుకోవట్లేదు." బల్ల మీద పరీక్ష పాసయిందే అని సారు అడిగారు. బల్లకు తన్ను ఉండదు కదా అన్నాను. ఆ జవాబు ఎంత నిజమో నాకే తెలియలేదు. మర్నాడు నడిమిదాన్ని డీలరుకు తిప్పి పంపి, అవే 30 మి.మీ. రింగుల్లో అంగుళానికి తగ్గించే తొడుగులు వేసి పొట్టిదాన్ని బిగించాను. మళ్ళీ రేంజికి. మొదటి మూడూ ముద్దుగా పడ్డాయి. నాలుగోది ఎనిమిది సెంటీమీటర్లు కుడికి. ఐదు, ఆరు దాని పక్కనే. ఏడోది ఎక్కడో.

రెండు వేర్వేరు కంపెనీల స్కోపులు ఒకే రోగంతో చచ్చాయంటే రోగం స్కోపుల్లో లేదు. పదహారు రౌండ్లు అయ్యాక గాని నా బుర్రకు తట్టలేదు. సారు ఏమీ అనలేదు. డైరీలో 16 అని రాసి కింద గీత గీశారు. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

వెంట్రుక మందం

బ్రునో రిసీవర్‌కు విడిగా బేస్ అక్కర్లేదు. పైభాగాన్నే 19 మి.మీ. డోవ్‌టెయిల్ పట్టాగా, అంటే అంచులు లోపలికి వాలేలా, చెక్కి ఉంటుంది, రింగు పంజా దాని వాలు అంచులను పట్టుకోవాలి. పాత రింగులు విప్పి అడుగున చూస్తే వెనక రింగు పంజా లోపల నల్ల పూత ఒక్క అంచున మాత్రమే, దారమంత సన్నగా, చెరిగి మెరుస్తోంది. వాలు కోణం కలవలేదు. పంజా పట్టాను పట్టుకోలేదు, దాని పెదవి మీద నిలబడింది అంతే. చేత్తో ఊపితే కదలదు, టార్క్ రెంచి కూడా సరేనంటుంది. గుద్దు పడ్డప్పుడల్లా మాత్రం కొంచెం జరిగి కొత్త చోట కూర్చుంటుంది.

ఎంత జరిగితే ఇంత తేడా వస్తుంది? రెండు రింగుల మధ్య దూరం 120 మి.మీ. వెనకది పక్కకు 0.1 మి.మీ. జరిగితే 100 మీటర్ల దగ్గర 83 మి.మీ. తేడా. 0.1 మి.మీ. అంటే తల వెంట్రుక మందం. సారు రాసుకున్న ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు సరిగ్గా అక్కడికే తేలాయి. మూడు స్కోపుల అద్దాల మధ్య తేడా కోసం రెండు వారాలు కొట్టుకున్నాం. ఎనిమిది వేల స్కోపుతో పాటు ఊరికే వచ్చిన రింగుల వైపు చూడలేదు.

తీసిపారేయకముందు నిర్ధారణ కావాలి. మా ఆవిడ గోళ్ళరంగు తెచ్చి రింగు మీదుగా పట్టా మీదికి సన్నటి గీత గీశాను, ఆరాక మెత్తటి సుత్తితో వెనకనుంచి మూడు దెబ్బలు వేశాను. గీత తెగి రెండు ముక్కలు పక్కకు జరిగాయి. కంటికి కనిపించేంత.

బ్రునోకి సరిపడే స్టీలు రింగులు ఇక్కడ అంగట్లో దొరకవు, తెప్పించాలంటే నెలలు. పట్టా కోణాన్ని సన్న పిన్నులు పెట్టి కొలిచి, బాలానగర్‌లో తెలిసిన టూల్‌రూమ్‌లో వైరు కట్ మెషిను మీద జత కోయించాను. ఎక్కడెక్కడ ఆనుతుందో తెలియడానికి మొదటి జత నీలిరంగు పూసి కూర్చోబెడితే సగమే అంటింది, మళ్ళీ కోయించాం. రెండోది అంచు పొడుగునా అంటింది. ఖర్చు 6,500. ఈ డబ్బు సారు దగ్గర తీసుకోలేదు, పాత రింగులు పనికొస్తాయన్నది నేనే కదా.

కొత్త రింగులతో పొట్టిది: మూడు రౌండ్లు, మూడున్నర సెంటీమీటర్లు. రెండు క్లిక్కులు ఎడమకు. ఇంకో మూడు, మధ్యలోనే. గోళ్ళరంగు గీత చెక్కుచెదరలేదు. లెక్క 22.

ఏది మిగిలింది

అప్పుడు నడిమిదాని సంగతి అడగాల్సి వచ్చింది. దానికేమీ కాలేదు. డీలరుకు ఫోను చేసి నా తప్పు చెప్పాను, స్కోపు బాగానే ఉంది, ఎవరికీ చెడ్డదని చెప్పొద్దన్నాను. ఆయన ఇంకా అమ్మలేదు. "కావాలంటే మళ్ళీ తెప్పిస్తాను సార్, మాటిచ్చింది దానికే. రింగులు 30 మి.మీ.కి మళ్ళీ కోయిస్తాను, నా ఖర్చు" అన్నాను.

సారు కాసేపు పొట్టిదాంట్లోంచి కిటికీ అవతలి నీళ్ళ ట్యాంకు చూస్తూ కూర్చున్నారు. "ఆ చుక్క నాకెన్ని నిమిషాలిస్తది తమ్మీ?"

"నాలుగు."

"ఆ నాలుగు నిమిషాల్లనే గదా వాడు దగ్గింది."

నేను వాదించలేదు. గొంగడి 6:47 దాకా కనిపించింది నిజమే, అక్కడ గొంగడి ఉందని మాకు ముందే తెలుసు కాబట్టి. అక్కడున్నది పందో, దూడో, మనిషో తేల్చుకునే వెలుగు అంతకు చాలా ముందే పోయింది. ఏ స్కోపులోనైనా 6:35 తర్వాత నేనైతే ట్రిగ్గరు మీద వేలు పెట్టను. ఆ లెక్కన పొట్టిది ఇంకా ఎనిమిది నిమిషాలు మిగుల్చుతోంది. నడిమిది బరువు 210 గ్రాములు ఎక్కువ, కొంచెం ఎత్తుగా కూర్చుంటుంది. బ్రునో చెక్క చెంప ఇనుప సైట్ల కోసం చేసింది, పొట్టిదానికి చెంప చక్కగా ఆనుతుంది. దగ్గరి కంత మీద 2.5కి, 3కి తేడా ఉందని ఇప్పటికీ అంటాను. అడివి అంచున ఇరవై మీటర్ల దూరాల్లో పనిచేసేవాళ్ళకైతే నడిమిదే చెప్తాను. లావుది కాగితం మీద కాల్చేవాళ్ళకు మంచి సామాను, అల్లుడు ఇప్పటికీ దాని మీద మనసు పడే ఉన్నాడు.

అక్టోబరులో ఒక ఫోను. "బొమ్మంతా పాలు పోసినట్టుంది, లోపల నీళ్ళు చేరినయ్ తమ్మీ" అని. ఏసీ కారులోంచి తీసి నేరుగా మంచె ఎక్కారు. అడిగితే గుడ్డతో తుడిస్తే పోతోంది, మళ్ళీ వస్తోంది అన్నారు. తుడిస్తే పోయేది బయటి చెమ్మే, లోపలిది కాదు. పావుగంట ఆగమన్నాను. ఇప్పుడు చేవెళ్ల దాటగానే ఏసీ ఆపి అద్దాలు దించుతారట, మర్రిచెట్ల గాలికి స్కోపుతో పాటు ఆయనకూ హాయిగా ఉంటోందట.

డిసెంబరులో జీరో చూసుకుందామని రేంజికెళ్ళాం. మూడు నెలలు కారులో, బురద దారిలో, మంచె నిచ్చెన మీద తిరిగిన రైఫిల్. మొదటి రౌండు మధ్యకు ఒక సెంటీమీటరు కింద. రెండోది దాన్ని ఆనుకుని. సారు మూడోది బోల్టు దాకా తెచ్చి ఆగారు, దూరదర్శినిలోంచి కాగితం ఇంకోసారి చూశారు, తూటాను మళ్ళీ జేబులో వేసుకున్నారు.

"కందికి అక్కరొస్తది" అన్నారు.